మూడో గేరులో దండం పెట్టే కారు: తేలిక ఫ్లైవీల్ కేసు ఒకటి

ఒకే కారు, ఒకే రోడ్డు. తండ్రి నడిపితే గేరు మార్చినప్పుడల్లా ముక్కు కిందికి వంచుతుంది. కొడుకు నడిపితే వెన్నలా పోతుంది. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ సంగతి అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది, మధ్యలో పెద్దగా పనికిరాని రెండు రిపేర్లు కూడా చేశాను. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాను. ఫ్లైవీల్ అంటే ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం, క్లచ్ ప్లేటు ఆనేది దాని మీదే.

మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. బండి మోడల్ కూడా చెప్పను. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు, తొమ్మిదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్ అనుకుంటే చాలు. యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉండదు, ఎలక్ట్రానిక్ థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే మూతని కంప్యూటరే తిప్పుతుంది. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

ఏమని వచ్చారు

పెద్దాయనకు అరవై దాటాయి. హనుమకొండలో ఇల్లు, పరకాల వైపు పొలం. వారానికి మూడు నాలుగు సార్లు పోయి వస్తారు. కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం. శనివారం వచ్చి ఆదివారం రాత్రి పోతాడు. ఆ రెండు రోజులు కారు అతని చేతిలోనే.

"మూడో గేరేస్తే బండి దండం పెడ్తది తమ్మీ" అన్నారు పెద్దాయన. ఇంత బాగా చెప్పిన కస్టమర్ నాకు మళ్లీ తగల్లేదు. ఇంకా ఉన్నాయి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ ముందు బండ్ల మధ్య ఏసీ వేసుకుని పాకుతుంటే రెండుసార్లు ఇంజిన్ బంద్ అయింది. కాజీపేట బ్రిడ్జి మీద ఆగి కదలబోతే ఇంకోసారి. ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు కారంతా గడగడ వణుకుతుంది. ఇంజిన్ లైటు ఒకసారి వెలిగి దానంతటదే ఆరిపోయింది. అప్పుడు వేరే చోట చూపిస్తే ప్లగ్గులు మార్చి పంపారు.

స్కానర్ పెడితే పీ0300 పాత కోడ్‌గా కనిపించింది. ఫలానా సిలిండర్ అని చెప్పకుండా, మొత్తంగా మిస్సింగ్ (సిలిండర్లలో పెట్రోల్ సరిగా పేలకపోవడం) ఉందని చెప్పే కోడ్ అది. ఇంజిన్ చూస్తే ఎక్కడా మిస్సింగ్ లేదు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ బాగుంది.

మొదటి తప్పు, రెండో తప్పు

గేరు మార్చేటప్పుడు కుదుపు, ఐడిల్‌లో (కాలు తీశాక ఇంజిన్ ఊరికే మెల్లగా తిరిగేటప్పుడు) ఆగిపోవడం, ఈ రెండూ కలిసి వస్తే ఎవరైనా ముందు చూసేవి రెండు: ఇంజిన్ మౌంటింగ్, థ్రాటిల్ బాడీ. వెనక మౌంటింగ్ రబ్బరు నిజంగానే చిరిగి ఉంది. ఇంజిన్ తన మౌంటింగ్ మీద ఊగుతుంటే చిన్న కుదుపు కూడా పెద్దగా తెలుస్తుంది. థ్రాటిల్ బాడీ లోపల మసి పేరుకుంది. మౌంటింగ్ మార్చాను, థ్రాటిల్ కడిగి, దాని కొత్త స్థితి కంప్యూటర్‌కి తెలిసేలా స్కానర్‌తో రీలెర్న్ చేశాను. కుదుపు కొంచెం తగ్గింది. ఇంజిన్ ఆగడం నాలుగు రోజులు మాయమై మళ్లీ మొదలైంది.

చిక్కేమిటంటే నాకు ఒక లోపం దొరికింది. దొరికిన లోపమే కారణం అనుకున్నాను. తొమ్మిదేళ్ల బండిలో వెతికితే లోపం దొరక్కుండా ఎట్లా ఉంటుంది?

రెండోసారి వచ్చినప్పుడు నేనే ట్రయల్‌కి తీసుకెళ్లాను. హంటర్ రోడ్డు మీద పోయి వచ్చాను. వణుకు తప్ప నాకేం కనిపించలేదు. గేర్లు హాయిగా పడుతున్నాయి. వచ్చి, "సార్, బండి బాగానే ఉంది, మీరు క్లచ్ కొంచెం మెల్లగా వదలండి" అన్నాను. ఆయన మొహం మాడింది. "నలభై ఏండ్ల సంది నడుపుతున్న తమ్మీ. ఈ బండే ఏడెనిమిదేండ్లు మంచిగ నడిపిన. ఇప్పుడే మర్చిపోయిన్నా?" అన్నారు.

ఆ మాట ఇంటికి పోయాక కూడా చెవుల్లో ఉండిపోయింది. అదే మనిషి, అదే కారు, ఏళ్ల తరబడి బాగానే ఉంది. మనిషి మారలేదంటే కారే మారింది. మరి నాకెందుకు తెలియలేదు? నా కాలు ఆయన కాలు కాదు కాబట్టి. ఫిర్యాదు చేసిన మనిషిని పక్కన పెట్టి నా కాలితో ట్రయల్ చూడటం నా రెండో తప్పు.

పక్క సీట్లో కూర్చుంటే

మూడోసారి ఆయన్నే నడపమన్నాను. ములుగు రోడ్డు వైపు పోతుంటే నేను ఆయన చెయ్యి, ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది), ఈ రెండే చూశాను.

ఆయన పాత జీపు మీద డ్రైవింగ్ నేర్చుకున్నారు. రెండు నుంచి మూడుకి పోయేటప్పుడు లివర్‌ని న్యూట్రల్‌లోకి తెచ్చి ఒక క్షణం ఆగుతారు, తర్వాతే మూడులోకి తోస్తారు. నెమ్మది మనిషి, నెమ్మది చెయ్యి. ఆ ఒక్క క్షణంలో ముల్లు 2,500 దగ్గర నుంచి ఐడిల్ దాకా రాయి పడ్డట్టు పడింది. క్లచ్ వదలగానే కారు ముందుకు వంగింది. దండం.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. ఈ గేర్‌బాక్స్‌లో రెండో గేరు నిష్పత్తి సుమారు 1.9, మూడోది 1.28. రెండులో 2,500 మీద ఉన్న ఇంజిన్ అదే స్పీడులో మూడుకి వస్తే 1,680 దగ్గర ఉండాలి. క్లచ్ వదిలే క్షణానికి ముల్లు అక్కడ ఉంటే గేరు మారినట్టే తెలియదు. పైన ఉంటే కారు ముందుకు తోసినట్టవుతుంది. కింద ఉంటే చక్రాలు ఇంజిన్‌ని పైకి లాక్కోవాలి, అంటే కారుకి బ్రేకు పడ్డట్టే.

అదే మోడల్ కారు ఒకటి ఆ రోజు సర్వీసుకి వచ్చి షెడ్డులో ఉంది. దాని ఓనర్ దగ్గర పర్మిషన్ అడిగి పెద్దాయన్ని అందులో కూర్చోబెట్టాను. అదే చెయ్యి, అదే ఆగడం. ముల్లు 1,100 దాకానే పడింది. కొద్దిగా కుదుపు ఉంది కానీ దండం లేదు. ఆయన నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

రాపిడి పెరిగిందా, బరువు తగ్గిందా

కాలు తీయగానే రెవ్స్, అంటే ఇంజిన్ చుట్లు, ఇంత తొందరగా పడాలంటే రెండే దారులు. ఇంజిన్ లోపల రాపిడైనా పెరగాలి, తిరిగే బరువైనా తగ్గాలి. ఈ రెంటినీ వేరు చేయడానికి ఏమీ విప్పనక్కర్లేదు. యాక్సిలరేటర్ ఒక్కసారి టక్కున నొక్కి చూడాలి. రాపిడి పెరిగిన ఇంజిన్ పడటంలో తొందరపడినా లేవడంలో బద్ధకిస్తుంది. తిరిగే బరువు తగ్గిన ఇంజిన్ లేవడంలోనూ అంతే తొందర చూపిస్తుంది. ఈ కారు కాలు తాకితే చాలు, ఎగిరి పడింది.

ఇంకో గుర్తు కూడా ఉంది. న్యూట్రల్‌లో ఐడిల్ మీద వదిలేస్తే గేర్‌బాక్స్‌లోంచి డబ్బాలో గోళీలు ఆడించినట్టు సన్నటి చప్పుడు. క్లచ్ తొక్కితే ఆగుతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. మామూలుగా అయితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోయిందంటాం. గేరులో నడిచేటప్పుడు మాత్రం బేరింగ్ ఊళ ఏమాత్రం లేదు. అయితే ఇది బేరింగ్ కాదు. ఇంజిన్ తిరుగుడులో ఎగుడుదిగుళ్లు గేరు పళ్ల దాకా నేరుగా వస్తున్నాయి.

చిన్నప్పుడు బావి దగ్గర ఆయిల్ ఇంజిన్ చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకే సిలిండర్, రెండు చుట్లకి ఒక్కసారే మందు పేలుతుంది. మిగతా తిరుగుడంతా పక్కనున్న ఆ పెద్ద చక్రాల ఊపు మీదే. నాలుగు సిలిండర్ల కారులో ప్రతి అర చుట్టుకీ ఒక పేలుడు ఉంటుంది కాబట్టి అంత పెద్ద చక్రం అక్కర్లేదు. కానీ పని అదే. పేలినప్పుడు వచ్చే తోపుని దాచుకుని, లేనప్పుడు ఇవ్వడం. కుమ్మరి సారె అంచు బరువుగా ఎందుకుంటుందో ఫ్లైవీల్ అంచు కూడా అందుకే బరువుగా ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో జడత్వ భ్రామకం అని చదివింది ఇదే. కేంద్రం దగ్గరి కిలో కన్నా అంచు మీది కిలోకి చాలా ఎక్కువ విలువ.

పీ0300 కూడా ఇక్కడే విడిపోయింది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ఇరుసు) ఎంత సమానంగా తిరుగుతోందో సెన్సర్‌తో చూసి, ఎక్కడైనా తడబడితే కంప్యూటర్ దాన్ని మిస్సింగ్ అనుకుంటుంది. ఫ్లైవీల్ తేలికైతే మంచి ఇంజిన్ కూడా ఎక్కువ తడబడుతూ తిరుగుతుంది. కంప్యూటర్‌కి పాత బరువే తెలుసు కాబట్టి అప్పుడప్పుడు మోసపోతుంది.

కొడుక్కి ఫోన్ చేశాను. "తమ్మీ, ఫ్లైవీల్ ఏమన్నా ముట్టుకున్నవా?" కాసేపు మాట్లాడలేదు. "డాడీకి చెప్పకన్నా" అన్నాడు.

క్లచ్ ప్లేటు మార్చేటప్పుడే ఒక లేత్ షాపులో కంపెనీ ఫ్లైవీల్‌కే టర్నింగ్ చేయించి బరువు తీయించాడట. "పికప్ మస్తు వచ్చిందన్నా. గేర్లు బటర్ లెక్క పడ్తున్నయ్." అబద్ధం చెప్పట్లేదు. అతనికి అట్లాగే ఉంది మరి.

ఇద్దరికీ వేర్వేరుగా ఎందుకుంది

ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. శనివారం కొడుకు వచ్చాక ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని నడపమని, ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్లో ఆర్‌పీఎం రికార్డు చేశాను. యాప్‌లో పది రీడింగులు పెట్టుకుంటే ఒక్కోటి మెల్లగా వస్తుంది. ఒక్క ఆర్‌పీఎం మాత్రమే ఉంచితే సెకనుకి ఎనిమిది పది పాయింట్లు దొరుకుతాయి, ఈ పనికి అవి చాలు. కాళ్ల దగ్గర ఇంకో ఫోన్ పెట్టి వీడియో తీశాను. యాక్సిలరేటర్ వదిలినప్పటి నుంచి క్లచ్ పట్టుకునే దాకా పెద్దాయనకి 1.2 సెకన్లు పడుతోంది. కొడుక్కి అర సెకను.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ సంగతి ఇప్పుడు. కాలు తీసినా కంప్యూటర్ థ్రాటిల్‌ని ఒక్కసారే మూయదు. పొగ నియమాల కోసం, జర్క్ రాకుండా ఉండటం కోసం కాస్త మెల్లగా మూస్తుంది. ఈ కారులో సుమారు పావు సెకను రెవ్స్ అక్కడే వేలాడతాయి. ఆ తర్వాతే పడటం మొదలు. ఫ్లైవీల్ మార్చినా ఆ పావు సెకను మారదు, పడే వేగం మాత్రమే మారుతుంది.

పెద్దాయన 2,500 మీద మారుస్తారు. మామూలు ఫ్లైవీల్‌తో ముల్లు 1,680కి చేరడానికి సుమారు 0.8 సెకను. కోసిన ఫ్లైవీల్‌తో 0.65. ఆయన చెయ్యి 1.2 దగ్గరే ఉంది. అంటే ఆలస్యం 0.4 సెకను ఉండేది 0.55 అయింది.

కొడుకు 5,000 దాకా లాగి మారుస్తాడు. మూడులో చేరాల్సింది 3,370. మామూలు ఫ్లైవీల్‌తో అక్కడికి రావడానికి ఒక సెకను పైనే, దాదాపు 1.15. కోసినదానితో 0.9 లోపే. అతను అర సెకనులో క్లచ్ వదిలేస్తాడు కాబట్టి ఎప్పుడూ తొందరపడేవాడే, ఇప్పుడు ఆ తొందర తగ్గింది. పైగా తిరిగే బరువు తక్కువ కాబట్టి మిగిలిన తేడాని క్లచ్ తేలిగ్గా మింగేస్తోంది.

ఇంజిన్ వేగం మూడో గేరుకి సరిపోయే క్షణం కొడుకు చేతి వైపు జరిగింది, తండ్రి చేతికి దూరమైంది. తేలిక ఫ్లైవీల్ వేస్తే గేర్లు స్మూత్ అవుతాయా, జర్క్ వస్తుందా అని అడిగితే నేను ఇప్పుడు తిరిగి అడిగేది ఒకటే: ఎవరి చెయ్యి?

ఒక ప్రశ్న మిగులుతుంది. బరువు తక్కువైతే అదే 500 ఆర్‌పీఎం తేడాకి కుదుపు కూడా తక్కువే కదా, మరి పెద్దాయనకి ఎందుకు పెరిగింది? తేడా 500 దగ్గర ఆగలేదు కాబట్టి. ఆయన ఆగే ఆ క్షణంలో మామూలు ఇంజిన్ 1,100 దాకా పడితే, ఇది ఐడిల్ దాకా పోయింది. తేడా 900 దాటింది. బరువులో దక్కిన లాభాన్ని ఆ తేడా తినేసి ఇంకా మిగిలింది. అక్కడ మౌంటింగ్ కూడా చిరిగి ఉండటంతో మరీ పెద్దగా తెలిసింది. అంటే నేను మార్చిన మౌంటింగ్ పూర్తిగా దండగ కాదు. నన్ను నేను ఇట్లా ఓదార్చుకుంటాను.

ఇంజిన్ ఆగిపోవడానికి కారణమూ దీని పక్కనే ఉంది. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి బ్రేకు వేస్తే రెవ్స్ సర్రున దిగుతాయి. ఐడిల్ దగ్గర కంప్యూటర్ గాలి పెంచి పట్టుకోవాలి. అది పాత బరువుకి అలవాటుపడిన పట్టు. ఈ లోపలే ముల్లు 500 కిందికి జారితే ఇక నిలవదు. బ్రిడ్జి మీద ఇంకో రకం. చక్రంలో దాచుకున్న ఊపు తక్కువ కాబట్టి హాఫ్ క్లచ్‌లో కారు బరువు పడగానే ఇంజిన్ చచ్చిపోతుంది.

విప్పకుండా చేసిన ప్రయత్నం

వెంటనే గేర్‌బాక్స్ దించలేదు. కొడుకు బతిమాలాడు, నాకూ లేబర్ మళ్లీ అడగడం ఇబ్బందిగా ఉంది. మధ్యేమార్గం ఒకటి చూశాను. పెద్దాయనకి గేరు కొంచెం చురుగ్గా మార్చడం అలవాటు చేద్దామని. పొద్దున ఆరింటికి రెండు రోజులు ఖాళీ రోడ్డు మీద కూర్చున్నాం. "న్యూట్రల్‌లో ఆగొద్దు సార్, ఒక్క లాగుడులో పోనీయండి." ఖాళీ రోడ్డు మీద చక్కగా వచ్చింది. కుదుపు లేదు. మూడో రోజు ట్రాఫిక్‌లోకి పోగానే చెయ్యి మళ్లీ పాత దారి పట్టింది. ఎదురుగా ఆటో, పక్కన బర్రె, వెనక హారన్, అప్పుడు మనిషి ఆలోచించి గేరు మార్చడు. నలభై ఏళ్ల చెయ్యి మారుస్తుంది.

కొడుకు ఇంకో మాట అన్నాడు, రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి, ఐడిల్ 950కి పెంచుదామని. ఆగిపోవడం తగ్గేదేమో. కానీ ఫస్ట్ గేరు వణుకు? అది ఐడిల్ సంగతి కాదు, ఫ్లైవీల్ మొహం సంగతి అని నా అనుమానం. లోపల ఏముందో చూడకుండా పైన సాఫ్ట్‌వేర్ మార్చడం, గోడ చెమ్మకి సున్నం కొట్టడమే. వద్దన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఈ కేసులో నేను తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటేనేమో.

గేర్‌బాక్స్ దించాక

ఫ్లైవీల్ బయటికి తీసి పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 4.3 కిలోలు. కొత్త కంపెనీ ఫ్లైవీల్ తెప్పించి తూస్తే 6.8. రెండున్నర కిలోలు పోయాయి, అదీ ఎక్కువగా అంచు దగ్గర. శాతంలో చూస్తే మూడో వంతు పైనే. అయినా రెవ్స్ పడే సమయం అంత తగ్గలేదు. ఎందుకంటే ఫ్లైవీల్‌తో పాటు ప్రెజర్ ప్లేటు, క్రాంక్, పుల్లీ కూడా తిరుగుతాయి. అన్నీ కలిపి చూస్తే తిరిగే జడత్వం తగ్గింది సుమారు 30 శాతమని నా లెక్క.

డయల్ గేజ్ పెడితే క్లచ్ ప్లేటు ఆనే మొహం పావు మిల్లీమీటరు ఊగుతోంది. మా షెడ్డులో 0.1 దాటితే ఒప్పుకోం. లేత్ చక్‌లో బిగించేటప్పుడే వంకరగా కూర్చుని ఉంటుంది. ఫస్ట్ గేరు వణుకు ఇదే. దీనికీ తేలిక బరువుకీ సంబంధం లేదు. పని సరిగ్గా చేసి ఉంటే ఇది వచ్చేదే కాదు. రెండు జబ్బులు ఒకే కారులో కలిసి వచ్చాయి, నేను ఒకే మందు వెతుకుతూ కూర్చున్నాను.

భయపెట్టింది ఇంకొకటి. వెనక వైపు అంచు కోసిన చోట టూల్ ఒక పదునైన మెట్టు వదిలింది, మూల గుండ్రంగా తిప్పలేదు. పగుళ్లు బయటపెట్టే రంగు, డై పెనెట్రెంట్ స్ప్రే కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టి పది నిమిషాలు ఆగాను. తెలుపు మీద ఎర్రగా సన్నటి గీత లేచింది. ఆ మెట్టు మూలలోంచి మొదలై ఒక బోల్టు రంధ్రం వైపు, వేలి గోరంత పొడవు. షెడ్డులో పనిచేసే పిల్లలిద్దరినీ పిలిచి చూపించాను. ఇద్దరూ మాట్లాడలేదు.

పోత ఇనుము నొక్కుడుకి బాగా తట్టుకుంటుంది, లాగుడుకి తట్టుకోదు. తిరిగే చక్రంలో ఉండేది లాగుడే. స్పీడు రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు. ఈ ఫ్లైవీల్ అంచు 6,000 ఆర్‌పీఎం దగ్గర గంటకి 270 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అక్కడ పగిలితే ముక్కలు గేర్‌బాక్స్ గూడుని చీల్చుకుని వస్తాయి, అది డ్రైవర్ కాళ్లకి దూరమేం కాదు. బరువు తగ్గించాలంటే దాని కోసమే ఫోర్జ్డ్ స్టీల్‌తో చేసి, బ్యాలెన్స్ చేసి అమ్మేవి ఉంటాయి. పోత ఇనుముని లేత్ మీద పెట్టి కోయడం వేరే పని.

ఇక్కడితో డాడీకి చెప్పకు అన్న మాట చెల్లిపోయింది. కొడుకునే చెప్పమన్నాను. చెప్పాడు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఏది వేయాలి

కొడుకు ఫోర్జ్డ్ స్టీల్‌ది తెప్పిస్తానన్నాడు. అప్పుడు కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాను. ఆ 30 శాతం తగ్గుదల కారుకి ఎంత మేలు చేస్తుందో బరువులోకి మార్చి చెప్పడం. ఫస్ట్ గేరులో కారులోంచి 80 కిలోల మనిషి దిగినట్టు. మూడో గేరులో పది కిలోల బియ్యం సంచి దించినట్టు. ఐదో గేరులో నాలుగు కిలోలు. గేరు పెరిగేకొద్దీ ఇంజిన్ రెవ్స్ మెల్లగా లేస్తాయి కాబట్టి లాభం కరిగిపోతుంది. హార్స్‌పవర్ ఒక్కటి కూడా పెరగదు. అతను నడిపేది ఎక్కువగా హైదరాబాద్ హైవే మీద, ఐదో గేరులో.

"నాలుగు కిలోలా?" అన్నాడు. పికప్ వచ్చింది అనుకున్నదాంట్లో చాలా భాగం ముల్లు ఎగిరి పడటమే, ఆ చప్పుడే. అది ఫస్ట్, సెకండ్ గేర్లలో కొంత నిజం కూడా.

నిర్ణయం ఆ లెక్క మీద తీసుకోలేదు. ఈ కారు ఎక్కువ రోజులు ఎవరి చేతిలో ఉంటుంది అన్నదాని మీద తీసుకున్నాం. వారంలో ఐదు రోజులు తండ్రి. బ్రిడ్జి మీద, మార్కెట్ ముందు, ఏసీతో. కంపెనీ ఫ్లైవీలే వేశాం. కొత్త బోల్టులు, కొత్త క్లచ్ సెట్, రిలీజ్ బేరింగ్. పాత ప్లేటు ఒక పక్కే అరిగి ఉంది, దాన్ని ఉంచే ప్రశ్నే లేదు. మొదటి రెండుసార్లు తీసుకున్న లేబర్ ఈ బిల్లులో తగ్గించాను.

బిగించాక మళ్లీ కొలిచాను. బండి నిలబెట్టి, క్లచ్ తొక్కి పట్టి, 3,000 నుంచి వదిలితే 1,500కి రావడానికి 1.3 సెకన్లు. కోసినదానితో అదే కొలత 1 సెకను. క్లచ్ తొక్కి పట్టడం మర్చిపోతే గేర్‌బాక్స్ ఆయిల్ రాపిడి, క్లచ్ ప్లేటు బరువు కూడా లెక్కలోకి వచ్చి ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరాదు. మొదటిసారి నేను మర్చిపోయాను, మళ్లీ చేశాను.

షెడ్డులో మారినవి

కుదుపు, జర్క్ అని వచ్చిన బండికి ఇప్పుడు మొదటి ట్రయల్ ఓనరే నడుపుతారు, నేను పక్క సీటు. రెవ్స్ ఎంత తొందరగా లేచాయి, ఎంత తొందరగా పడ్డాయి రెండూ చూస్తాను, ఒక్కటి చూస్తే సగమే తెలుస్తుంది. క్లచ్ పని ఇంకో చోట చేయించిన బండి అయితే ఏమేం మార్చారో ఇంట్లో బండి నడిపే అందరినీ అడుగుతాను, విడివిడిగా. డీజిల్ కార్లలో రెండు ముక్కల ఫ్లైవీల్ తీసి సాదాది వేసిన కేసులు కూడా ఇట్లాగే చప్పుడుతో వస్తున్నాయి. అక్కడ బరువు కన్నా లోపలి స్ప్రింగులు పోవడం ముఖ్యం, ఆ కథ వేరే.

మూడు నెలల తర్వాత సర్వీసుకి వచ్చారు. 3,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ ఒక్కసారీ ఆగలేదు, కోడ్ లేదు, కదిలేటప్పుడు వణుకు లేదు. రెండు నుంచి మూడుకి పెద్దాయన చెయ్యి ఇంకా 1.2 సెకన్లే, కొద్దిగా కుదుపు ఉంది, ఆయన పట్టించుకోవట్లేదు. కొడుక్కి మాత్రం నచ్చలేదు. "ముందుకు తోస్తుందన్నా, మజా లేదు" అన్నాడు. 5,000 మీద మారిస్తే ఆ తోపు ఉంటుంది, ఇంకో అర సెకను ఆగు అన్నాను. ఆగలేనన్నాడు. కోసిన ఫ్లైవీల్ తిరిగిమ్మని అడిగాడు, షెల్ఫ్‌లో పెట్టుకుంటానని. ఇవ్వలేదు. ఎవరైనా పెయింట్ వేసి మళ్లీ అమ్మకుండా గ్రైండర్‌తో ఆ ఎర్ర గీత వెంబడే కోసి, రెండు ముక్కలూ పాత ఇనుముకి వేసేశాను.